కడబంతిలో కూర్చోకు, తల్లీ

అమ్మాయీ,

నువ్వు పంపిన రక్తపరీక్ష రిపోర్టు చూశాను. హిమోగ్లోబిన్ 9.6. గర్భిణికి 11 ఉండాలి. 10కి దిగువన ఉంటే దాన్ని ఒక మోస్తరు రక్తహీనత కింద లెక్కవేస్తారు. ఐదో నెలలో ఉన్నావు కాబట్టి సరిచేసుకోవడానికి వ్యవధి ఉంది. బెంబేలు పడాల్సిన అంకె కాదు, అలాగని పక్కన పడేసే అంకె కూడా కాదు. రిపోర్టు కన్నా, దాని కింద నువ్వు రాసిన మాట నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. ‘రోజూ బీట్‌రూట్ రసం తాగుతున్నాను, దానిమ్మ తింటున్నాను, బెల్లం ముక్క నములుతున్నాను, అయినా రక్తం పట్టడం లేదేమిటి పెద్దమ్మా?’ అని అడిగావు.

ఎలా పడుతుంది తల్లీ? ఎర్రగా ఉన్నదల్లా రక్తమైపోదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మ గింజల్లో అంతకన్నా తక్కువ. బెల్లం కాస్త నయం, వంద గ్రాముల్లో ఐదు మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. కానీ మనం నోట్లో వేసుకునే ముక్క మహా అయితే పది గ్రాములు, దాంట్లో వచ్చేది అర మిల్లీగ్రాము. వాటిని మానేయమని చెప్పడం లేదు. వాటి మీద భారం వేసి మాత్రలు మానేయొద్దని చెబుతున్నాను.

నా ఉద్యోగమంతా పల్లెల్లో గడపగడపకీ తిరిగి సూదులు వేస్తూ, ఐరన్ మాత్రలు పంచుతూ గడిచిందని నీకు తెలుసు. ఎన్ని ఇళ్ళు చూసినా నాకు కనిపించింది ఒకటే. ఇంట్లో ఇనుము ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళే అందరికన్నా ఆఖర్న తింటారు. పేద ఇల్లయినా, కలిగిన ఇల్లయినా ఇందులో పెద్ద తేడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగవాళ్ళలో పాతికమందికే ఉంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 మందికి ఉంది. రక్తహీనతకి ఇనుము ఒక్కటే కారణం కాదు కానీ, పెద్ద కారణం మాత్రం అదే.

ఎవరికి ఎంత కావాలో చెబుతాను, వంటగదిలో గోడకి అంటించుకో. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, మనదేశపు తిండికి, మన ఒంటికి తగ్గట్టు ఏ పోషకం రోజుకి ఎంత కావాలో లెక్కకట్టేది వాళ్ళే. 2020లో వాళ్ళిచ్చిన లెక్కని మీ ఇంటి మనుషులకే సరిపెట్టి చూద్దాం. అల్లుడికి రోజుకి 19 మిల్లీగ్రాములు. మీ అత్తగారు, మామగారు అరవై దాటినవాళ్ళు, వాళ్ళకీ తలా 19. చంటాడికి మూడేళ్ళు నిండలేదు కనుక 8. మీ ఇంట్లో ఉండి చదువుకుంటున్న మీ ఆడపడుచు కూతురుంది చూశావా, పద్నాలుగేళ్ళ పిల్ల, దానికి 30. నీ వయసు ఆడవాళ్ళకి మామూలు రోజుల్లో 29, కడుపుతో ఉన్నప్పుడు 27, పాలిచ్చేటప్పుడు 23.

ఈ అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చు. మొదట ఆ పిల్ల, వెనకే నువ్వు, ఆ తర్వాత మగవాళ్ళూ పెద్దవాళ్ళూ, చివర చంటాడు. ఇప్పుడు మీ ఇంట్లో వడ్డన వరస గుర్తు తెచ్చుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు కళ్ళారా చూశాను. మామగారూ అల్లుడూ ముందు కూర్చున్నారు. వేటమాంసం ముక్కలు చాలావరకు ఆ రెండు కంచాల్లోకే వెళ్ళాయి. తర్వాత చంటాణ్ణి చంకనేసుకుని తినిపించావు. ఆ పిల్ల టీవీ ముందు కూర్చుని ఇంత చారన్నం కలుపుకుని లేచిపోయింది. అందరి తిళ్ళూ అయ్యాక నువ్వు గిన్నె అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని, గట్టు దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు తినేసి, ఆ చేత్తోనే టీ పెట్టుకుని తాగావు. నిన్ను అలా తినమని ఎవరూ అనలేదు. మీ అత్తగారు మంచి మనిషి, ఆవిడా అలాగే తింటూ వచ్చింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మరి వడ్డించే మనిషే కడబంతిలో కూర్చుంటే ఆ మనిషిని చూసేదెవరు?

ఆడదానికీ మగవాడికీ ఇంత తేడా ఎందుకని అల్లుడు అడుగుతాడు, చెప్పు. ఇనుము విషయంలో మన ఒళ్ళు మహా పిసినారి. ఎర్ర రక్తకణం ఒకటి నాలుగు నెలలు బతుకుతుంది, చచ్చిపోయాక అందులోని ఇనుమును ఒళ్ళు పారేయదు, మళ్ళీ కొత్త కణం తయారీకి వాడుకుంటుంది. మగవాడి ఒంట్లోంచి రోజుకి పోయేది సుమారు ఒక్క మిల్లీగ్రాము, అంతే. ఆడవాళ్ళకి దానికి తోడు నెలనెలా పోయే రక్తం ఉంది. నెల మొత్తం మీద సర్ది చూస్తే రోజుకి ఇంకో అర మిల్లీగ్రాము పైచిలుకు, ఎక్కువగా అయ్యేవాళ్ళకి ఇంకా ఎక్కువ పోతుంది.

పోయేది ఒకటీ ఒకటిన్నరే అయితే 19, 29 ఎందుకు తినాలంటావేమో. తిన్నదంతా ఒంటికి పట్టదు గనక. అన్నం, పప్పు, కూర తినే మనకి అందులోని ఇనుము నూటికి పది పాళ్ళు కూడా పట్టదు. మీ అక్క డల్లాస్ నుంచి ఫోన్ చేసి, అక్కడ ఆడవాళ్ళకి 18, మగవాళ్ళకి 8 చాలంటున్నారే అని అడిగింది కదా. అక్కడి లెక్క మాంసాహారం బాగా తినేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టింది. మాంసం, చేపల్లోని ఇనుము ఒంటికి చాలా సులువుగా పడుతుంది. గర్భిణికి మాత్రం అక్కడా 27, ఇక్కడా 27.

ఇంకో మాట. 29 అనేది దాదాపు ఆడవాళ్ళందరికీ సరిపోయేలా పైగా పెట్టిన హద్దు. సగటు ఆడదాని అవసరం రోజుకి 15 దగ్గర ఉంటుందని అదే సంస్థ చెప్పింది. కాబట్టి ఏ పూటకి ఆ పూట తూకం వేసుకుని దిగులుపడకు. 15కి కూడా ఆమడ దూరంలో ఉండిపోతున్నామే, అసలు బాధ అది.

ముందు ఆ పిల్ల సంగతి మాట్లాడతాను, నీ సంగతి తర్వాత. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ దాకా ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకటే, 15 మిల్లీగ్రాములు. పదేళ్ళు రాగానే దారులు విడిపోతాయి. 10–12 ఏళ్ళ మధ్య అబ్బాయికి 16 అయితే అమ్మాయికి 28. 13–15 మధ్య అబ్బాయికి 22, అమ్మాయికి 30. 16–18 మధ్య అబ్బాయికి 26, అమ్మాయికి 32. ఆడదాని జీవితం మొత్తంలో తిండి ద్వారా ఇనుము ఎక్కువగా కావలసింది ఆ పదహారు, పదిహేడు, పద్దెనిమిది ఏళ్ళప్పుడే. ఎముక పెరుగుతూ ఉంటుంది, రక్తం పెరుగుతూ ఉంటుంది, నెలసరి మొదలై ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే ‘లావవుతావు, తగ్గించు’ అని ఒకరు, ‘తమ్ముడికి గుడ్డు పెట్టు, నీకెందుకు’ అని ఒకరు దాని కంచం మీద పడతారు.

మన పెద్దవాళ్ళకి ఈ సంగతి కొంత తెలుసు. ఆడపిల్ల పెద్దమనిషైతే నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి పెట్టేవారు. నువ్వుల్లో వంద గ్రాములకి పది మిల్లీగ్రాముల పైనే ఇనుము ఉంటుంది. చేసిన పని మంచిదే. అయితే ఆ నాలుగు రోజులూ అవగానే చిమ్మిలి ఆగిపోతుంది, నెలసరి మాత్రం ముప్పై ఏళ్ళ పైగా సాగుతుంది. వారానికి రెండుసార్లయినా ఓ నువ్వుల ఉండ ఆ పిల్ల చేతిలో పెట్టు.

ఆ పిల్ల డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసుకుని నమలడం నేను చూశాను. ‘బియ్యం తింటే పెళ్ళినాడు వాన పడుతుంది’ అని మీ అత్తగారు నవ్వేసింది. అది నవ్వులాట కాదు అమ్మాయీ. బియ్యం, బలపాలు, సుద్దముక్కలు, మట్టి, ఫ్రిజ్‌లో ఐసుముక్కలు తినాలని ప్రాణం లాగుతోందంటే చాలామందిలో అది ఇనుము తక్కువైందనడానికి గుర్తు. తిట్టి మాన్పించకు, రక్తపరీక్ష చేయించు. ఆ వయసు పిల్లకి 12 ఉండాలి. నెలసరిలో రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తోందో, ఎన్నాళ్ళు అవుతోందో నువ్వే మెల్లగా అడుగు. వాళ్ళమ్మ దగ్గర లేదు, సిగ్గుపడి మీ అత్తగారికి చెప్పదు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, వారం దాటినా డాక్టరమ్మకి చూపించాల్సిందే.

బళ్ళో వారానికోసారి నీలం మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చిన్నతరగతుల పిల్లలకి గులాబీ రంగుది, 45 మిల్లీగ్రాములది. చాలామంది పిల్లలు కడుపులో తిప్పుతోందని దాన్ని కిటికీలోంచి విసిరేస్తారు. పరగడుపున మింగితే తిప్పుతుంది మరి. పొద్దున ఏమీ తినకుండా బడికి పోనివ్వకు, మధ్యాహ్న భోజనం తర్వాతే వేసుకోమను. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు, అది కూడా తప్పించనీయకు. కొంకి పురుగులు పేగుల్ని పట్టుకుని రక్తం తాగేస్తుంటే, ఎంత పెట్టినా ఒంట్లో నిలవదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కాన్పుకి కావలసిన ఇనుము కాన్పు ముందు నెలల్లో పుట్టుకొచ్చేది కాదు. కడుపులో బిడ్డకీ, మాయకీ, పెరిగే నీ రక్తానికీ, కాన్పులో పోయే రక్తానికీ కలిపి దాదాపు వెయ్యి మిల్లీగ్రాములు కావాలి. అందులో ఎక్కువ భాగం నాలుగో నెల తర్వాతే కావాలి. నెలసరి ఆగిపోవడం వల్ల, పేగులు మామూలుకన్నా ఎక్కువగా ఇనుము లాక్కోవడం వల్ల గర్భిణికి తిండిలో 27 అన్నారు గానీ, ఒంట్లో నిలవ ఉన్న ఆడదానికే ఆ లెక్క నప్పుతుంది. నిలవ లేకుండా పెళ్ళిపీటల మీదికి వచ్చిన పిల్లకి తిండి ఒక్కటే చాలదు. అందుకే మన ప్రభుత్వం నాలుగో నెల నుంచి ప్రతి గర్భిణికీ రోజుకో ఎర్రమాత్ర, 60 మిల్లీగ్రాములది, 180 రోజులు ఇస్తుంది. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వాడమంటుంది. నీకు 11 కన్నా తక్కువ ఉంది కనుకే మీ డాక్టరమ్మ రోజుకి రెండు రాసింది.

ఇక మాత్ర వేసుకునే తీరు చెబుతాను. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. టీతో, కాఫీతో, పాలతో మింగకు. మంచినీళ్ళతో, వీలైతే నిమ్మరసంతో వేసుకో. అన్నం తిన్న గంటకి వేసుకుంటే మంచిది. కాల్షియం మాత్ర కూడా రాశారన్నావు, ఆ రెండూ ఒక్కసారి గుటుక్కుమనిపించకు. కాల్షియం ఇనుమును పట్టనివ్వదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, దానికి కంగారుపడకు. మలబద్ధకమైతే నీళ్ళు, ఆకుకూరలు, జామకాయ పెంచు. మరీ వికారంగా ఉంటే రాత్రి పడుకోబోయే ముందు వేసుకుని చూడు. అప్పటికీ పడకపోతే డాక్టరమ్మకి చెప్పు, మందు మారుస్తుంది. మానేసి, వేసుకుంటున్నానని మాత్రం అబద్ధం చెప్పకు. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని మీ వీధిలో ఎవరో అన్నారట. బిడ్డ రంగు తల్లిదండ్రుల్ని బట్టి వస్తుంది, మాత్రని బట్టి రాదు.

నెల తిరిగేసరికి మళ్ళీ రక్తపరీక్ష చేయించు. కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగలేదంటే, మాత్ర సరిగ్గా వేసుకుంటున్నావా అన్నది మొదటి ప్రశ్న, అసలు జబ్బు ఇనుము లోపమేనా అన్నది రెండో ప్రశ్న. బి12 తక్కువైనా రక్తం తగ్గుతుంది. తలసీమియా వాహకులకి పుట్టుకతోనే హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంటుంది. మన్యం వైపు, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంటుంది. వీటికి ఇనుము మందు కాదు, కొందరికి కీడు కూడా. ఆ పరీక్షలు ఉన్నాయి, అడుగు. మాత్రలతో పెరగకపోయినా, నెలలు దగ్గర పడినా ఆస్పత్రిలో రక్తనాళం ద్వారా ఇనుము ఎక్కిస్తారు, దానికి జంకకు. రక్తం బాగా తక్కువున్న ఆడదానికి కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. నేను అలాంటి రాత్రులు చూశాను. అందుకే ఇంత వెంటపడుతున్నాను.

పుట్టబోయే బిడ్డ గురించి కూడా ఇప్పుడే చెవిన వేసుకో. బిడ్డ బయటపడగానే బొడ్డుతాడు కత్తిరించకుండా కనీసం ఒక నిమిషం ఆగితే మాయలోని రక్తం బిడ్డకి చేరుతుంది, దాంతోపాటు ఇనుమూ చేరుతుంది. ఈ మాట డాక్టరమ్మతో ముందే అనుకో. నెలలు నిండి పుట్టిన బిడ్డకి తల్లి దగ్గర తెచ్చుకున్న నిలవ, ఆపైన చనుబాలు ఆరు నెలల దాకా సరిపోతాయి. తక్కువ బరువుతో పుడితే డాక్టరు ముందుగానే చుక్కలమందు రాస్తారు. ఆరు నెలలు నిండాక నిలవ కరిగిపోతుంది, పాలు ఒక్కటే చాలవు. 6–12 నెలల బిడ్డకి రోజుకి 3 మిల్లీగ్రాములు కావాలి. అన్నప్రాశన చేసి ఓ ముద్ద నాకించి, మళ్ళీ పాలసీసా చేతికిస్తే ఎక్కడినుంచి వస్తుంది? పప్పు, మెత్తగా ఉడికించిన ఆకుకూర, రాగిజావ, గుడ్డు పచ్చసొన, తినే ఇంట్లో అయితే మెత్తటి కీమా, ఒక్కొక్కటీ అలవాటు చేయాలి. ఏడాది నిండేదాకా గేదెపాలు, ఆవుపాలు తాగించకు.

ఇక మన చంటాడు. వాడు అన్నం తినడంలేదని మీరంతా గొడవ. పొద్దున సీసా, మధ్యాహ్నం సీసా, రాత్రి సీసా. లీటరు దాకా పాలు తాగే పిల్లాడికి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? పాలు మంచివే, కానీ వాటిలో ఇనుము లేనట్టే. పొట్ట నిండుతుంది, రక్తం పట్టదు. రోజుకి అర లీటరు దాటనివ్వకు, సీసా తీసేసి గ్లాసు పెట్టు. వారం రోజులు మారాం చేస్తాడు, తర్వాత పప్పన్నం దారికొస్తాడు. ఆశా కార్యకర్త ఐరన్ సిరప్ ఇస్తుంది, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేయాలి. మూత తీయకుండా ఫ్రిజ్ మీద పెట్టిన ఆ సీసా నాకు కనబడింది. ఒక గట్టి హెచ్చరిక కూడా. నీ ఎర్రమాత్రలు వాడికి అందే ఎత్తులో ఉంచకు. రంగు మిఠాయిలనుకుని గుప్పెడు మింగారంటే పసివాళ్ళకి ప్రాణాపాయం. మింగాడని అనుమానం వచ్చినా సరే, వాంతి అవుతుందేమో చూద్దామని ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

పెద్దవాళ్ళ సంగతి. మీ అత్తగారికి నెలసరి ఆగి చాలాకాలమైంది, అవసరం 29 నుంచి 19కి దిగింది. ఆవిడకి హిమోగ్లోబిన్ 10 ఉందన్నావు. ‘వయసు మళ్ళింది కదా’ అని సర్దుకోవద్దు. నెలసరి లేని ఆడదానికి, ఏ వయసు మగవాడికైనా ఇనుము లోపం వల్ల రక్తం తగ్గిందంటే, ఒంట్లో ఎక్కడో రక్తం పోతోందేమోనని ముందు వెతకాలి. మోకాళ్ళ నొప్పులకి ఆవిడ మందులషాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కడుపులో పుండు చేస్తాయి. మొలలు ఉండొచ్చు. పేగుల్లో గడ్డ ఉండొచ్చు, తొందరగా కనిపెడితే నయమయ్యేదే. ఐరన్ మాత్రలు వాడకుండానే విరేచనం తారులా నల్లగా వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మామగారు ఏళ్ళ తరబడి పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర కూడా ఇనుమును సరిగ్గా పట్టనివ్వదు. అది ఇంకా అవసరమా అని డాక్టరునే అడగమను.

అల్లుడికి టానిక్కులు కొనిపెట్టకు. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు. అక్కర్లేని మనిషి మింగితే కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. ఏటా వాళ్ళ హీరో పుట్టినరోజుకి రక్తదానం చేస్తాడు కదా, మంచి పని. 350 మిల్లీలీటర్ల రక్తంతో సుమారు 170 మిల్లీగ్రాముల ఇనుము ఇచ్చేసినట్టు. మూడు నెలల ఎడం ఉంచుకుని, ఆ రోజుల్లో ఆకుకూర కాస్త ఎక్కువ తింటే చాలు.

ఇప్పుడు వంటగదిలోకి రా. మూడు పూటలా బియ్యమే తినే ఇంటి లెక్క చూడు. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకి ముప్పావు మిల్లీగ్రాము కూడా లేదు. రోజుకి మూడువందల యాభై గ్రాములు తిన్నా రెండుంపావు. కాసింత కందిపప్పుకి ఒకటి, ఇడ్లీలో మినప్పప్పుకి ఒకటి, వంకాయో బంగాళదుంపో ఇంకొకటి. మొత్తం ఆరు దాటదు. కడుపు నిండా తిన్నా ఆరే!

అదే పొద్దున రాగిజావకి అరవై గ్రాముల పిండి, రెండున్నర పైన. మధ్యాహ్నం అన్నంలోకి వంద గ్రాముల తోటకూర, నాలుగున్నర. మునగాకైనా అంతే, ఆషాఢంలో ఒక్కరోజు తినడంతో సరిపెట్టొద్దు. పప్పు కాస్త చిక్కగా వేస్తే ఒకటిన్నర. అన్నానికి ఒకటి. సాయంత్రం నువ్వుల ఉండ, గుప్పెడు వేరుశనగలు, కలిపి మూడు. రాత్రి రెండు సజ్జరొట్టెలకి వంద గ్రాముల పిండి, ఆరు పైన. అందులోకి ఉలవచారుతో పాటు గుగ్గిళ్ళు కూడా తింటే రెండున్నర. మొత్తం ఇరవై పైమాటే. సగటు అవసరాన్ని దాటేశావు. పెద్ద ఖర్చు లేదు, కొత్త వంటా లేదు. మన అమ్మమ్మలు తిన్నదే.

తిన్నది పట్టాలి కదా, దానికి మూడు పనులు చెయ్యి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పొయ్యి దించాక పిండు. వేడికి విటమిన్ సి పోతుంది. జామకాయ, ఉసిరికాయ భోజనంతో పాటు తిను. పెసలు, ఉలవలు నానబెట్టి మొలకెత్తిస్తే, పిండి పులియబెడితే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ జోలికి పోకు. నేను కాఫీ ప్రాణిని, నన్నూ మానేయమంటే ఒప్పుకోను. మానమనడం లేదు, జరపమంటున్నాను. అటక మీద మీ అత్తగారి ఇనుప మూకుడు ఉంది. దాన్ని దింపి తోమి, చింతపండు పులుసులు అందులో కాచు. పులుపుకి మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. వండగానే గిన్నెలోకి తీసెయ్యి, లేకపోతే రుచి, రంగు మారతాయి.

రేషన్ బియ్యంలో వేరుగా కనిపించే గింజలు ప్లాస్టిక్కని మీ పక్కింటావిడ ఏరి పారేస్తోందట. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన బియ్యపు గింజలు. వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. ఆ బియ్యంలో కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నిబంధన. మామూలు బియ్యంలో కిలోకి ఏడు కూడా ఉండదు. ఇంట్లో తలసీమియా ఉన్నవాళ్ళుంటే మాత్రం డాక్టర్ని అడిగి తినాలి. మిగతావాళ్ళు ఏరకండి, అమ్మేయకండి, ఇడ్లీకో దోసెకో వాడుకోండి.

మాంసం తినే ఇల్లు మీది. కార్జం కూరలో ఇనుము బాగా ఉంటుంది. కాని విటమిన్ ఎ కూడా మితిమీరి ఉంటుంది కనుక నువ్వు ఈ నెలల్లో తినకు. ఆ పిల్లకి అప్పుడప్పుడు పెట్టు. వేటమాంసం, చేప నువ్వూ తిను. వాటిలోని ఇనుము సులువుగా పట్టడమే కాదు, అదే కంచంలో ఉన్న పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును కూడా అవి బాగా పట్టేలా చేస్తాయి. మాంసం ముట్టని రోజున నిమ్మకాయని మరిచిపోకు.

రేపటి నుంచి వడ్డన నా మాట మీద మార్చు. కూర దించగానే రెండు గిన్నెల్లో ముందే తీసి పక్కన పెట్టు, ఒకటి ఆ పిల్లకి, ఒకటి నీకు. పెద్దవాళ్ళకి ముందు వడ్డించాలన్న మర్యాద మర్యాదగానే ఉంటుంది, నీ వాటా నీకు ఉంటుంది. ఇంకా మంచిది, అందరూ ఒకేసారి కూర్చోండి, గిన్నెలు మధ్యలో పెట్టుకోండి. మీ అత్తగారితో నేనే మాట్లాడతాను, ఆవిడ నా మాట కాదనదు. అల్లుడితో నువ్వు మాట్లాడు, అంకెలు చూపించు, చదువుకున్నవాడు, అర్థం చేసుకుంటాడు.

వచ్చే నెల రిపోర్టు రాగానే పంపు. 10.6 దాటిందంటే సంతోషం. దాటకపోతే సందేహాలు కాగితం మీద రాసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు, నేనూ వస్తాను. దాంతోపాటు ఆ పిల్ల రిపోర్టు, మీ అత్తగారి రిపోర్టు కూడా పంపు. ఈసారి నీ ఒక్కదాని కాగితమే వస్తే ఊరుకోను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ